వదిన అడిగిన మాట

కెలమంగలంలో మా వదిన రెండేళ్లలో 40 కిలోలు తగ్గింది. ఊరంతా మెచ్చుకుంటుంటే, తను మాత్రం పొట్ట మీద వేలాడే చర్మాన్ని పట్టుకుని, "దీన్ని కోయించేద్దామా, చెప్పమ్మా?" అంది.

నాకు వెంటనే సినిమా నటి ఆర్తి అగర్వాల్ గుర్తొచ్చింది. 2015 జూన్‌లో, 31 ఏళ్లకే, న్యూజెర్సీలో కన్నుమూసింది. అంతకు కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. ఆ అమ్మాయిని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అయితే లైపోసక్షన్ తీసేది కొవ్వును; సాగిన చర్మం దానితో పోదు. చర్మం కోసి కుట్టడం వేరే ఆపరేషన్. పొట్టకైతే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ మిగులుతుంది. రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంటుంది. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే చేయాలంటారు డాక్టర్లు.

భయపెట్టాలని కాదు. ఎండాకాలం వదినకు ఆ చర్మం మడతల్లో చెమట పట్టి, ఒరుసుకుని పుండ్లు పడుతున్నాయట. ఇన్నాళ్లూ సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆ బాధను అందం మోజు అనడం అన్యాయం.

సోమవారం ఇద్దరం హోసూరు బస్సెక్కుతున్నాం. ముందు ఆ పుండ్లు డాక్టరుకు చూపిస్తాం. మిగతాది వదిన ఇష్టం.