ప్రాకారముగల పట్టణములోని యిల్లు

ధ్యాన భాగము: లేవీయకాండము 25:23–34



వరికోతలైన పిమ్మట మా సంఘములోని యొక కుటుంబమువారు కాగితముల సంచితో మా యింటికి వచ్చి ప్రార్థన చేయుమని కోరిరి. తమ రెండెకరముల పొలము అమ్మి, హైదరాబాదు పాతబస్తీలో యాకుత్‌పురాయందు ఒక పాత యిల్లు కొనవలెనని వారి తలంపు. కుమారుడు పట్నములో ఉద్యోగము చేయుచున్నాడు. "అయిదేండ్లు ఉంచితే రెండింతలైతది అయ్యగారూ. పొలం మీద ఏమొస్తది?" అని అతడనెను. మేము కన్నులు మూసుకొంటిమి గాని నోట మాట రాలేదు. ఏమని ప్రార్థింపవలెను? ధర పెరుగవలెననియా?

ఈ చిక్కు వారిది మాత్రమే కాదు. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వపు వేలములో ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలకు పోయెను. గజములలోనికి దింపినచో గజము రెండు లక్షలకు పైమాటే. ఆ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద అందరును కోకాపేటను గూర్చి మాటలాడిరేగాని, ప్రసంగమును గూర్చి ఒక్కరును మాటలాడలేదు. కోకాపేటయు ఒకప్పుడు మన ఊరివంటి ఊరే.

లేవీయకాండము 25వ అధ్యాయమును మనము సునాద సంవత్సరము కొరకే చదువుదుము. (పట్నములో జూబిలీ హిల్స్ అను ఖరీదైన చోటు కలదు. ఆ జూబిలీ మన సునాదమే గాని, అక్కడ అమ్ముడైనది అమ్మినవానికి తిరిగి వచ్చుట మేమెరుగము.) ఆ అధ్యాయములో ఇండ్ల సంగతియు కలదు. అమ్మిన పొలము సునాద సంవత్సరములో సొంతదారునికి తిరిగి చేరును. చుట్టు గోడలేని పల్లెలోని యింటికిని అదే లెక్క. ప్రాకారముగల పట్టణములోని యింటికి మాత్రము ఒక్క యేడాదియే గడువు. ఆ లోపల విడిపించుకొననిచో అది శాశ్వతముగా కొన్నవానిదగును.

దేవుడు ఈ భేదమేల పెట్టెను? మాకు తోచినది చెప్పుదుము. పొలము అన్నము పెట్టును. పల్లెలోని యిల్లు ఆ పొలము దున్నువానికి నీడనిచ్చును. ఈ రెండును పోయినచో కుటుంబమే చెదరిపోవును గనుక అవి ఎవని చేతిలోనికి పోయినను మరల రావలెను. పట్టణములోని యిల్లు పంట పండించునది కాదు, అది కాపురమునకైనది. అందుచేత కొన్నవాడు అందులో నిర్భయముగా నివసింపవచ్చును. సునాదము వచ్చినదని అతనిని ఎవరును లేవగొట్టరు. అదియు దయయే. ఇక మనవారు చేయబోవునదేమి? అన్నము పెట్టుదానిని అమ్మి, నివసించుటకైనదానిని కొని, అందులో నివసింపక, దానిచేత అన్నము పెట్టించుకొనుట! ఆ అన్నము ఎవరి కంచములోనుండి రావలెను?

అద్దె తీసికొనుట పాపమని మేమనము. పౌలు రోమాలో రెండేండ్లు అద్దెయింటనే యుండెను (అపొ. కార్య. 28:30), ఎవరో ఒకరు ఆయనకు అద్దెకిచ్చిరి గదా. పొలము కష్టమును మేమెరుగమనియు కాదు. బోరు ఎండినవానితో పొలము విడువకుమని చెప్పుట కడుపు నిండినవానికి సులభము. అందుచేత వద్దనియు చెప్పక, సరేననియు చెప్పక, ఇల్లు చూచి వత్తమని వారితో బయలుదేరితిమి.

ఎంఎంటీఎస్ రైలులో యాకుత్‌పురా స్టేషనున దిగితిమి. పూర్వము హైదరాబాదు చుట్టు రాతి ప్రాకారముండెను. 18వ శతాబ్దములో ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన దానిని మొదటి ఆసఫ్ జా పూర్తి చేయించెను. యాకుత్‌పురా దర్వాజా దాని ద్వారములలో నొకటి. నేడు పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మిగిలినవిగాని ఇది లేదు. మేము చూడబోవు యిల్లు ఆ గోడకు లోపలిదా వెలుపలిదా యని ఇద్దరు ముసలివారి నడుగగా, ఒకరు లోపల అనిరి, ఒకరు బయట అనిరి. మోషే కాలమందైతే ఆ యింటి వ్యవహారమంతయు దానిమీదనే నడిచెడిది!

అమ్మువాని చేతిలోనిది నోటరీ కాగితము. ఆ ప్రాంతమున అట్టి కాగితములతో చేతులు మారిన యిండ్లు చాల కలవు. నూరు రూపాయలు, ఆ పైన విలువగల స్థిరాస్తిని అమ్మిన పత్రము రిజిస్టరు కావలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే చెప్పుచున్నది. యిర్మీయా అనాతోతు పొలము కొన్నప్పుడు పదునేడు తులముల వెండి తూచి యిచ్చి, సాక్షులను పెట్టి, ముద్రవేసిన పత్రమును, ముద్రలేని పత్రమును మట్టికుండలో భద్రపరపించెను (యిర్మీయా 32). ప్రవక్తకే అంత జాగ్రత్త గలదు. కాగితములు సరిచేయించి రిజిస్ట్రేషను చేయువరకు ఒక్క రూపాయి ఇయ్యవద్దని కుమారునితో చెప్పితిమి.

ఆ యింట మూడు కుటుంబములు అద్దెకున్నవి. క్రింది గదిలో ఒక తల్లి కిటికీ వెలుతురున మగ్గముమీద జరీ పని చేయుచుండెను. ఆమె తలయెత్తి ఉర్దూలో ఏమో అడిగెను. కుమారుడు కొంచెము ఆగి తెలుగులో చెప్పెను: "మీరు ఉండటానికి కొంటున్నారా, ఉంచుకోవటానికా అని అడుగుతున్నది." పదునొకండేండ్లలో ఈ యిల్లు మూడు చేతులు మారినదట. ప్రతి మారు అద్దె పెరిగెను. కొన్నవారిలో ఒక్కరైనను అక్కడ ఒక్క రాత్రి పండుకొనలేదట. కుమారుడు జవాబు చెప్పలేదు. మేమును చెప్పలేదు.

బబులోనుకు చెరపోయినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరము మాకప్పుడు జ్ఞాపకము వచ్చెను (యిర్మీయా 29). ఇండ్లు కట్టుడని మాత్రమే ఆయన వ్రాయలేదు. వాటిలో కాపురముండుడనియు, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడనియు వ్రాసెను. ఉన్నవాడే గదా క్షేమము కోరును. వీధిలో మురుగు పొంగినచో అక్కడ నిద్రించువానికి తెలియును. ధర కొరకు కొని దూరముననున్నవానికి తెలియదు, తెలిసినను పట్టదు.

ఇట్లు వ్రాయుటకు మాకు సిగ్గుగానున్నది. మేముండునది సంఘపు యిల్లు. పని చాలించిన దినమున తాళపుచెవి అప్పగింపవలెను. లేవీయుల యిండ్లకు ఈ అధ్యాయమే ప్రత్యేకమైన కాపుదల యిచ్చినది; కాపరులకు అట్టిది లేదు. ఆ భయముచేత కొన్నేండ్ల క్రిందట పట్నములో ఒక వ్యాపారి, పునాదియైనను తీయక మునుపే అమ్మిన ఫ్లాటుకు రెండు లక్షలు కట్టితిమి. ప్రీ లాంచ్ అందురు. అట్టి పెద్ద కట్టడమును రెరాలో నమోదు చేయకుండ అమ్మరాదని 2016 నాటి చట్టమున్నదని మాకు తరువాత తెలిసెను. పునాది నేటికిని లేదు, సొమ్మును రాలేదు. అందులో మా యింటివారి గాజులు పోయినవి. అయినను మమ్మును పొడుచునది వేరు. ఆ రెండేండ్లలో మేము హైదరాబాదును గూర్చి ప్రతిదినము తలంచితిమి, ఒక్కనాడును ఆ పట్టణము కొరకు ప్రార్థింపలేదు.

తిరిగి వచ్చునప్పుడు రైలులో తండ్రి, "ఒక్క ఎకరమే అమ్ముదము, మిగిలినది బ్యాంకు అప్పు తీస్కో, నువ్వు పోయి అండ్ల ఉండు" అని కుమారునితో చెప్పెను. చాలసేపు వాదన జరిగెను. చివరకు అట్లే చేసిరి. కాగితములు సరియగుటకు ఆరు నెలలు పట్టెను. మగ్గము తల్లి క్రింది గదిలోనే యున్నది, అద్దెయు పాతదే. మిద్దెమీద పిట్టగోడ మోకాలెత్తే యుండెను. క్రొత్త యింటి విషయములో ద్వితీయోపదేశకాండము 22:8 మొదట అడుగునది ధర కాదు, పైనుండి ఎవరును పడకుండుటయే గనుక, గృహప్రతిష్ఠకు మునుపు దానిని ఎత్తు చేయింపుమంటిమి. చేయించిరి.

ప్రతిష్ఠకు పోయి పై గదిలో ప్రార్థన చేసితిమి. కుమారుడును కోడలును ఇప్పుడుండు గది అదియే. దూలమునకు పాత ఊయల కొక్కెము ఇంకను వ్రేలాడుచుండెను. మునుపు ఆ గదిలోనుండిన కుటుంబము ఎక్కడికి పోయెనని మేమడుగలేదు.