వైరమునకు హద్దు

కలహము లేని కుటుంబము లోకమున అరుదు. పొలము గట్టు కొరకు అన్నదమ్ములును, మాటపట్టింపు వలన అత్తాకోడండ్రును విరోధించుచుందురు. విరోధము కలుగుట మానవసహజము. దానిని ఎంతవరకు సాగింపవచ్చుననునదియే ధర్మవిచారము.

శ్రీమద్రామాయణ యుద్ధకాండమున దీనికి సమాధానము కలదు. రావణుడు నిహతుడైన పిదప, పరదారాపహారియైన అన్నకు అంత్యక్రియలు జరుపుటకు విభీషణుడు వెనుదీసెను. అపుడు శ్రీరామచంద్రుడు, వైరము మరణముతో ముగిసినదనియు, రావణుడు విభీషణునకెట్లో తనకును అట్లేయనియు పలికి, సంస్కారము చేయుమని ఆదేశించెను.

ఇది విని, శత్రువు మరణించిన పిమ్మట క్షమింతుమని ఊరకుండుట తగదు. స్వామి ఔదార్యము ఆనాడు పుట్టినది కాదు. యుద్ధమునకు ముందే అంగదుని రాయబారము పంపెను. తొలిసారి ఎదిరించినపుడు విల్లు విరిగి, కిరీటము కోల్పోయి నిలిచిన రావణుని చంపక, అలసితివి, విశ్రమించి రమ్మని విడిచెను. ఆ రెండు మారులును సంధికి ద్వారము తెరచియే యుండెను.

కొన్ని యిండ్లలో ఏండ్ల తరబడి పలుకరించుకొనని సోదరులు, ఒకరు గతించిన నాడు పాడె మోయ వత్తురు, కన్నీరు పెట్టుకొందురు. ఆ కన్నీరు అసత్యము కాదు; కాని చూడవలసినవాడు చూడడు. న్యాయముగా రావలసిన భాగమును అడుగుట దోషము కాదు. అడుగుచునే యోగక్షేమములు విచారింపవచ్చును. పాడె మోయుటకు వచ్చు కాళ్ళు, అతడు బ్రదికియుండగనే ఆ గడప తొక్కరాదా? యాత్రకు వెడలు భక్తుడు ముందుగా ఆ గడప తొక్కి, పిదప స్వామి సన్నిధికి చేరుట మేలు.