నేర్పుతో గెలిచిన సొమ్ము



మన సంఘములలోని యౌవనస్థులు కొందరు ఈ దినములలో ఒక ప్రశ్న అడుగుచున్నారు. "అయ్యగారూ, మూడు ముక్కలాట జూదమే, ఒప్పుకొందుము, అది కేవలము అదృష్టము. అయితే పోకర్ అను ఆట నేర్పుతో ఆడవలసినది. నేర్చుకొని, తెలివితో గెలిచిన సొమ్ములో పాపమేమి?" ఈ ప్రశ్నను గద్దించి త్రోసివేయుట సులభము, గాని గద్దింపు జవాబు కాదు. కనుక ఆ ఆట ఎట్టిదో మొదట న్యాయముగా తెలిసికొందము.

పోకర్ పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున అమెరికా దేశములో పుట్టి, మిసిసిపీ నదిపై తిరుగు పొగ ఓడలలో వ్యాపించినది. 52 ముక్కల పేకనుండి అయిదేసి ముక్కలు 25,98,960 విధములుగా చేతికి రావచ్చును. వానిలో పది మొదలు ఆసు వరకు ఒకే రంగున వరుసగా వచ్చునవి నాలుగే. సగము పర్యాయములు ఒక్క జతయైనను పడదు. కావున క్రొత్తవానికి చెప్పు మొదటి పాఠము, వచ్చిన ముక్కలను పలుమార్లు పందెము కాయక దించివేయుమనియే. రెండవది, ఎదుటివాని పందెమును, వాలకమును గమనించుట. మూడవది బ్లఫ్, అనగా చేతిలో ఏమియు లేకున్నను గొప్ప ముక్కలున్నట్లు పందెము పెంచి, ఎదుటివానిని బెదరించి ఆట విడుచునట్లు చేయుట.

ఇందులో నేర్పు కలదని ఒప్పుకొనవలెను. ఓర్పు కావలెను, లెక్క కావలెను, ఆశను అణచుకొనవలెను. బ్లఫ్‌ను సహితము నేను అబద్ధమని అనను. అందరును ఎరిగియే ఆటకు కూర్చుందురు గనుక, అది కబడ్డీలో ఎడమకు వంగి కుడికి దూకుటవంటిది. మన దేశపు న్యాయస్థానములును ఈ భేదమును పాటించినవి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యెములో 1967వ సంవత్సరమున సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని తీర్పు చెప్పినది. అయితే 2025 ఆగస్టులో పార్లమెంటు ఇంటర్నెట్‌లో సొమ్ము పెట్టి ఆడు ఆటలను, నేర్పువైనను అదృష్టమువైనను, నిషేధించుచు చట్టము చేసినది. చట్టము నేడొక రీతిని, రేపొక రీతిని ఉండవచ్చును. మనస్సాక్షి అడుగు ప్రశ్న మాత్రము మారదు: ఈ రూపాయి ఎవరి యింటినుండి వచ్చినది? ఇచ్చినవానికి బదులుగా ఏమి దొరకినది?

కుమ్మరి కుండ అమ్మినప్పుడు అతనికి పైకము, కొన్నవానికి కుండ. ఇద్దరును మేలు పొందిరి. ఆరుగురు తలకొక నూరు రూపాయలు పెట్టి పోకరుకు కూర్చుండినయెడల, తెల్లవారువరకు ఎంత నేర్పుతో ఆడినను ఆ ఆరువందలు ఆరువందల యొకటి కావు. ఆట నడిపించువాడు తన వంతు తీసికొన్నచో తరిగిపోవును. ఒకడు గెలిచిన ప్రతి రూపాయి మరియొకడు పోగొట్టుకొన్నదే.

ఇప్పుడు నేర్పు అను వాదమును మరల చూడుడి. కేవలము అదృష్టపు ఆటలో అపాయము అందరికి సమానము. నేర్పుగల ఆటలోనైతే ఆరితేరినవాడు క్రొత్తవానిని కోత పొలమువలె చూచును. శకుని పాచికలలో మహా నేర్పరి, ధర్మరాజు కాడు. శకుని నేర్పరి గనుక ఆ జూదము న్యాయమైనదని మన పల్లెలలో వీధి నాటకము చూచినవారెవరైన అందురా? సాకుగా తెచ్చిన నేర్పే సాక్షిగా మారి మనకు ఎదురు నిలుచుచున్నది.

"వ్యవసాయమును జూదమే గదా!" అని కొందరందురు. వాన రాక రైతు నష్టపోవునప్పుడు ఆ నష్టము ఎదుటివానికి గెలుపు కాదు. పంట పండినప్పుడో ఊరందరికి గింజ దొరకును. రూతువంటి పరిగె ఏరుకొనువారికిని దొరకును. కబడ్డీలో ఓడినవాడు దుమ్ము దులుపుకొని ఇంటికి పోవును. వాని పిల్లల అన్నపు కుండ ఖాళీ కాదు. "ఇష్టపడియే కూర్చుండెను గదా" అందురేమో. వాడు గెలుచుటకు ఇష్టపడెను గాని, పోగొట్టుకొనుటకు కాదు.

లేఖనములలో చీట్లు రెండు విధములుగా కనబడుచున్నవి. అపొస్తలులు మత్తీయను ఏర్పరచుకొనుటకు ప్రార్థించి చీట్లు వేసిరి. అక్కడ తమ ఇష్టమును దేవునికి అప్పగించిరి. సైనికులును సిలువయొద్ద చీట్లు వేసిరి. అక్కడ పందెము వస్త్రహీనునిగా చేయబడినవాని అంగీ. గెలిచినవాడు దానిని మడిచి తీసికొని పోయి యుండును. తలయెత్తి పైకి చూచెనా? సొమ్ము పెట్టి ఆడు ఆటలో కఠినమైన నియమమిదే: ఓడినవాని ముఖము చూడకూడదు.

పైకము లేక ప్రొద్దుపోక ఆడు ఆటను నేను పాపమని చెప్పను. అయితే సెల్‌ఫోనులో రహస్యముగా పోగొట్టుకొని అప్పులలో మునిగిన సహోదరుడు ఈ పత్రిక చదువుచున్నయెడల అతనికొక మాట. బల్లయొద్ద భావము ముఖమున కనబడనీయకుండ నేర్చుకొన్నవాడు ఇంటిలో భార్యయెదుటను అట్లే కూర్చుండును. నాశనము అక్కడ ముదురును. పోయినదానిని ఇంకొక ఆటతో రాబట్టవలెనని చూడకుము. ముక్కలు దించివేయుట మొదటి పాఠమని ఆ ఆటయే నీకు నేర్పినది. ఆ పాఠమును ఇప్పుడు పాటించుము. ఇంటివారితో చెప్పుము, నీ కాపరితో చెప్పుము. సంఘపు పెద్దలారా, అట్టివాడు మీయొద్దకు వచ్చినప్పుడు వానిని నలుగురిలో సిగ్గుపరచకుడి. అప్పుల లెక్క వ్రాయించి, తీర్చు మార్గమును వానితోకూడ కూర్చుండి వెదకుడి.

మన చేతుల కష్టమును ఆశీర్వదించి, పొరుగువాని ముఖము చూడగల కన్నులను ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.