ఇసుక మీది ఆ కాస్త దూరం

రాత్రి తొమ్మిది దాటాక బెజవాడ ఆటోనగర్‌ను ఎప్పుడైనా గమనించారా? పగలంతా చెవులు గింగుర్లెత్తించిన షెడ్లు ఒక్కొక్కటే షట్టర్లు దించుతాయి. లేత్ మిషన్లు ఆగుతాయి. టీ కొట్టాయన గ్లాసులు కడిగి బోర్లిస్తాడు. అయినా 100 అడుగుల రోడ్డు వెంట ఎక్కడో ఒకచోట వెల్డింగ్ మెరుపు కనిపిస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి లోడుకు వెళ్లాల్సిన లారీకి కమాన్ కట్ట ఇంకా బిగించలేదు. ఓనరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

ఆ మెరుపు దగ్గర చెమటతో కూర్చున్నది మీరేనేమో. లేదా ఆ మనిషి కోసం అన్నం గిన్నె మీద మూతపెట్టి, వీధి వైపు చూస్తున్నది మీరేనేమో.

ఎవరైనా సరే, పడుకున్నాక ఏమవుతుందో మీకు తెలుసు. ఒళ్లు పక్క మీద వాలుతుంది, లెక్కలు మాత్రం వాలవు. ఫైనాన్స్ వాయిదా, పిల్ల కాలేజీ ఫీజు, బాకీ ఉన్న పార్టీ ఫోనెత్తకపోవడం. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే, ఆ లెక్కలే ముందు వచ్చి కూర్చుంటాయి.

సరిగ్గా అలాంటప్పుడే వాట్సాప్‌లో ఒక వీడియో వస్తుంది. బెజవాడలో అమెరికా చుట్టం లేని వీధి ఉందా? మేనల్లుడో, చిన్నాన్న కూతురో అలాస్కా వెళ్లారు. సముద్రంలోకి దిగిన హిమానీనదం, నీలంగా మెరిసే మంచు గోడ, దాని ముందు తెడ్డు పట్టుకుని చిన్న కయాక్‌లో మనవాడు. ‘వాళ్లదీ బతుకే, మనదీ బతుకే’ అని నిట్టూర్చి ఫోను పక్కన పెట్టేస్తారు. పెట్టకండి, అందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది.

మంచు గోడ అంత పెద్దగా కనిపిస్తున్నా ఆ కయాక్ దాని దగ్గరికి పోలేదు, చూడండి. గోడలోంచి పెద్ద పెద్ద ముక్కలు విరిగి నీళ్లలో పడుతుంటాయి, ఆ అలలకు పడవలు తిరగబడతాయి. ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ తేలే మంచు పలకల మీద సీల్ జంతువులు పిల్లల్ని కంటాయి. పడవ దగ్గరికొస్తే తల్లి బెదిరి నీళ్లలోకి దూకేస్తుంది, పాలు తాగే పిల్ల ఒంటరిదైపోతుంది. అందుకని పడవలు దూరంగానే ఆగాలన్నది అక్కడి నియమం. ఆ పిల్ల సీలుకు తన మేలు కోరి ఎవరో దూరంగా ఆగారని ఎప్పటికీ తెలియదు.

మన కృష్ణా నదికి హిమానీనదం లేదు. మహాబలేశ్వరం కొండల్లో వాన నీటితో పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి, ప్రకాశం బ్యారేజీ 70 గేట్లు దాటి వస్తుంది. పులిగడ్డ దగ్గర రెండుగా చీలి, దివిసీమను మధ్యలో ఉంచుకుని, హంసలదీవి వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలం నది సన్నబడితే సముద్రమే ఎదురు నడిచి పాయల్లోకి వస్తుంది. ఆ ఉప్పు, ఆ బురద వేరే చెట్లకు పడవు. మడ చెట్లకు మాత్రం అదే ఇల్లు.

మనలో చాలామంది ఆ చివర చూసి ఉండరు. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక. బస్సులో పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి నది ఒడ్డున ఉంటారు. అక్కడి నుంచి ఇంజను పడవ. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం అని 1989లో ప్రకటించిన అడవి అది, సుమారు 195 చదరపు కిలోమీటర్లు. పాయలు ఇరుకైన చోట ఇంజను ఆపేసి గెడ వేస్తారు. అప్పుడు వినిపిస్తుంది అడవి: నీటికాకి రెక్కలు విదిలించడం, బురదలో పీతల చిటపట. మడ చెట్ల చుట్టూ వేళ్లు నేలలోంచి పైకి పొడుచుకుని ఉంటాయి. బురదలో గాలి ఆడదు, అందుకని ఊపిరి కోసం అలా పైకి వస్తాయి. ఇక్కడ నీటికుక్కలు ఉన్నాయి, బావురుపిల్లి కూడా ఉంది. చేపలు పట్టుకుని తినే పిల్లి అది, రాత్రిళ్లు తిరుగుతుంది. అది మనకు కనిపించడం అరుదు, మనం దానికి కనిపించకపోవడం ఇంకా అరుదు!

ఇక్కడి ప్రయాణం మీ చేతి గడియారం ప్రకారం సాగదు. పోటు ఉంటే పడవ లోపలికి పోతుంది. పాటు తీస్తే నీళ్లు తగ్గి, బురదలో కూరుకుని ఆగిపోతుంది. అక్కడి పడవవాళ్లు దానికి కంగారుపడరు. బీడీ వెలిగించి, అన్నం మూట విప్పి, మళ్లీ పోటు వచ్చేదాకా కూర్చుంటారు. ఆటోనగర్‌లో పని చేసేవాళ్లకు ఇది మింగుడుపడని విద్య. బండి ఆగితే ఎవరో ఒకరు దానికింద దూరాలి మరి!

నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది తాబేళ్ల సంగతి.

సంక్రాంతి దాటిన తర్వాత, చలి ఇంకా ఉండగానే, ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వస్తాయి. రాత్రిపూట తల్లి ఒడ్డెక్కి, వెనక కాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వి, అందులో 100కు పైగా గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, ఒంటితో అదిమి, వెనక్కి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ గుంట దగ్గరికి మళ్లీ రాదు. తన పిల్లల ముఖం చూడదు.

ఆ గుడ్ల మీద ఊరకుక్కలకు కన్ను, నక్కలకు కన్ను. కోతకు గురయ్యే ఒడ్డయితే అలలే లాక్కుపోతాయి. అందుకే అటవీ శాఖ వాళ్లు, వాళ్లతో పనిచేసే తీరప్రాంతపు కుర్రాళ్లు రాత్రిళ్లు ఇసుక మీద నడుస్తూ తాబేలు జాడ వెతుకుతారు. గుడ్లను జాగ్రత్తగా తీసి, కంచె వేసిన చోట అంతే లోతు గుంటలో మళ్లీ పూడుస్తారు. ఇక 45 నుంచి 60 రోజుల కాపలా.

గుడ్డులో ఉన్న పిల్లకు ఆ కాపలా సంగతి తెలియదు. దానికి తెలిసిందల్లా చీకటి, బిగుతు, పైన ఇసుక బరువు. కంచె అవతల కుక్క మొరిగిందనీ, ఎవరో లేచి తరిమారనీ దానికి ఎవరు చెప్పాలి?

మీ జీవితంలో అలాంటి రాత్రులు ఎన్ని గడిచి ఉంటాయో! బండి స్కిడ్ అయినా లేచి నడిచిన రోజు. అబ్బాయి జ్వరం తెల్లారేసరికి దిగిన రోజు. అవి మీకు తెలిసినవి. తెలియకుండానే తప్పిపోయినవి ఇంకెన్నో! ఇప్పుడు మీ మీదున్న చీకటి కూడా కంచె లోపలి చీకటే అయి ఉంటే?

పిల్లలు ఇసుక తోసుకుని పైకి వచ్చాక ఇంకో విచిత్రం జరుగుతుంది. వాటిని బుట్టలో సముద్రం దగ్గరికి తెస్తారు. అన్నాళ్లు కాపలా కాసినవాళ్లు వాటిని తీసుకెళ్లి నీళ్లలో వేయవచ్చు కదా? వేయరు. అలలకు కొంచెం ఇవతలే, తడి ఇసుక మీద వదులుతారు. అరచేతిలో పట్టేంత పిల్ల, బొటనవేలంత కాళ్లతో, పడుతూ లేస్తూ పాకాలి. ఒక అల వచ్చి వెనక్కి నెడుతుంది. మళ్లీ మొదలు.

చూడటానికి వచ్చిన బడి పిల్లలకు ప్రాణం ఆగదు. ‘సార్, పాపం, ఎత్తి వేసేద్దాం’ అంటారు. ‘వద్దు, నడవనీ’ అంటారు పెద్దవాళ్లు. ఆ నడకలోనే తాను పుట్టిన తీరం గుర్తు దాని ఒంట్లో ఇంకుతుందని, ఏళ్లు గడిచి తల్లి అయ్యే వేళకు ఆ గుర్తే దాన్ని ఇటు నడిపిస్తుందని తాబేళ్ల మీద పరిశోధన చేసిన చాలామంది నమ్మకం. వదిలినవాళ్లు కాకుల్ని తోలుతూ, కుక్కల్ని అదిలిస్తూ రెండు వైపులా నిలబడే ఉంటారు. కానీ ఎత్తరు.

‘ప్రభువా, నన్నొకసారి ఎత్తి అవతల పెట్టేయకూడదా?’ అని మీరు అడిగారు కదూ? తప్పేం లేదు, అడగండి. నేనూ అడుగుతాను. ఆయన ఎత్తలేదంటే వదిలేశాడని మాత్రం అనుకోకండి. మీరు పాకుతున్న ఆ కాస్త దూరం పొడుగునా పక్కనే నిలబడి ఉన్నాడేమో, ఎన్ని కాకుల్ని తోలుతున్నాడో!

ఇక్కడ ఒక మాట దాచకూడదు. సముద్రం చేరిన పిల్లలన్నీ బతకవు, పెద్దవయ్యేవి బహు కొద్ది. పెద్దవి కూడా కొన్ని ట్రాలర్ల వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఇదే ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తాబేళ్ల సంగతి సరే, ఈ దివిసీమ మనుషులు కొట్టుకుపోవడాన్నే చూసింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. తాటిచెట్టంత అల అని అప్పుడు బతికినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కనీసం 10,000 మంది పోయారని లెక్క. ఆ రాత్రి కాపలా ఏమైందని దివిసీమలో ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉందన్నట్టు మాట్లాడే బోధకులంటే నాకు కొంచెం భయం కూడా. ఆ తర్వాత ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఆ బురదలో దిగి, ముక్కూమొహం తెలియని వాళ్ల శవాలను మర్యాదగా సాగనంపారనీ, అన్నం వండి పెట్టారనీ మాత్రం తెలుసు. ఆ చేతులు ఆయన పంపినవేనని నా నమ్మకం.

రాత్రంతా వల వేసి ఒక్క చేప కూడా పడని శిష్యుల కథ యోహాను సువార్త చివర ఉంది, మీకు తెలిసిందే. పడవ ఒడ్డుకు 200 మూరల దూరంలో ఉంది. తెల్లవారుతోంది. ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు, వాళ్లు గుర్తుపట్టలేదు. ఆయన మాత్రం అప్పటికే నిప్పులు రాజేసి, చేప కాల్చి, రొట్టె సిద్ధం చేసి ఉంచాడు. మృతుల్లోంచి లేచిన ప్రభువు, అలసిన మనుషుల కోసం టిఫిను వండుతున్నాడు! ఆ పేజీలో నాకు బాగా ఇష్టమైనది ఆ నిప్పులే. పడవలో ఉన్నవాళ్లు ‘రాత్రంతా వృథా’ అనుకుంటున్న గంటలోనే ఒడ్డున వాళ్ల కోసం చేప కాలుతోంది. వాళ్లకు తెలియదు, అంతే.

మీకూ ఇప్పుడు తెలియకపోవచ్చు. పర్లేదు. తెలిస్తేనే కాస్తానని ఆయన ఎన్నడూ షరతు పెట్టలేదు.

మరి ఈ రోజుకు మనం ఏం చేద్దాం? పెద్ద ప్రతిజ్ఞలు వద్దు, ఒళ్లు అలసి ఉంది.

పడుకునే ముందు ఆ లెక్కల్ని ఒక కాగితం మీద రాయండి. రేపు షెడ్డు తీశాక మీరు చేయగలిగిన దాని పక్కన టిక్కు పెట్టండి. బాకీ పార్టీ ఇంటికి స్వయంగా వెళ్లడం, ఫైనాన్స్ ఆఫీసులో పది రోజులు గడువు అడగడం, అలాంటివి. టిక్కు పడనివి ఉంటాయి చూశారూ, వాటిని ఒక్కొక్కటిగా పైకి చదివి ‘తండ్రీ, ఈ రాత్రి కాపలా నీది’ అని చెప్పండి. గొంతు పెగలకపోతే పెదవులు కదిపినా చాలు. కాగితాన్ని దిండు కింద పెట్టుకోవద్దు. వంటింట్లో పెట్టేయండి.

ఇంకొకటి. మీ షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు ఉంటాడు, ఊరు వదిలి, గదిలో నలుగురితో సర్దుకుంటూ. ఈ వారమంతా వాడు సరిగా తింటున్నట్టు లేడని మీకు అనిపించింది కదా? అలవాటైన చేయి స్పానరు తప్పుగా పడుతోందంటే మనసు ఇంకెక్కడో ఉన్నట్టే. వాడి పని మీరు చేసిపెట్టనక్కర్లేదు. పని వాడే నేర్చుకోవాలి. కానీ రేపు మధ్యాహ్నం క్యారేజీ విప్పినప్పుడు వాడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఏరా, ఇంటికి ఫోన్ చేశావా?’ అని అడగండి.