ఆట కూడు పెట్టదా?

ఆట వేరు, పని వేరు అని పెద్దలంటారు. పని కూడు పెడుతుంది, ఆట పొద్దు పుచ్చుతుంది. మరి బాగా చదువుకున్న ఇంజనీరు ఒకాయన తన చదువంతా తీసుకెళ్ళి బొమ్మలకి ఖర్చు పెడితే ఏమనాలి? చదువు వృథా చేశాడనాలా?

అలెగ్జాండర్ కాల్డర్ అలాంటి మనిషి. 1898లో అమెరికాలో పుట్టాడు. తాతా తండ్రీ ఇద్దరూ శిల్పులే. ఈయన మాత్రం మెకానికల్ ఇంజనీరింగు చదివి 1919లో పట్టా పుచ్చుకున్నాడు. కొన్నాళ్ళు ఏవేవో ఉద్యోగాలు చేశాడు. తరువాత పారిస్ చేరి తీగలు, గుడ్డపీలికలు, బెండు ముక్కలతో ఒక బుల్లి సర్కసు తయారుచేసి, నేలమీద కూర్చుని తానే ఆడించేవాడు. పేరున్న చిత్రకారులు కూడా వచ్చి చూసేవారట!

1931 నాటికి ఆయన కదిలే శిల్పాలు మొదలుపెట్టాడు. వాటి పేరు మొబైల్. (మన చేతిలో ఉండే ఫోను కాదు!) తీగలకి రంగు రేకుముక్కలు వేలాడుతుంటాయి. అది చేపా, ఆకా అని అడిగితే చెప్పలేం. అందుకే అమూర్త శిల్పం అన్నారు. అలాగని ఇష్టమొచ్చినట్టు వేలాడదీసినవి కావు. మనం చదువుకున్న త్రాసు లెక్కే. 10 గ్రాముల రేకు ఇటు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, అటు 30 గ్రాముల రేకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అట్టడుగున ఉండే చిన్న ముక్కతో మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ పోవాలి. కింద ఒక్క ముక్క బరువు మారిందా, పైవన్నీ మళ్ళీ సరిచూసుకోవాల్సిందే.

మొదట్లో కొన్నింటికి మోటారు పెట్టాడు. మోటారు తిప్పిందే తిప్పుతుంది కదా, అది ఆయనకి నచ్చలేదు. తీసేసి గాలికి వదిలేశాడు. ఇక తన బొమ్మ ఏ క్షణాన ఎటు తిరుగుతుందో ఆయనకే తెలీదు. లెక్కంతా తాను కట్టి, చివరి మాట గాలికి వదిలెయ్యడానికి ధైర్యం కావాలి. మన లెక్కల పుస్తకంలో జవాబులు చివరి పేజీలో ముందే ఉంటాయి. అది మోటారు పద్ధతి అనిపిస్తుంది నాకు.

సరే, ఆకలీ యుద్ధాలూ ఉన్న లోకంలో ఈ రేకుల ఆటెందుకని ఎవరైనా అడగొచ్చు. ఈ ప్రశ్నని తేలిగ్గా తోసెయ్యకూడదు. 1937లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం సాగుతోంది. పాదరసం గనులున్న అల్మాదెన్ అనే ఊరిమీద ఫ్రాంకో సేనలు పడ్డాయి. ఆ ఏడు పారిస్ ప్రదర్శనలో స్పెయిన్ మంటపంలో పికాసో గెర్నికా చిత్రం పెట్టారు. అక్కడే కాల్డర్ ఒక ఫౌంటెన్ కట్టాడు. అందులో నీళ్ళు కాదు, పాదరసం పారింది. తుపాకి లేదు, శవం లేదు. పాదరసం జారిపడి ఒక రేకుకి తగిలినప్పుడల్లా, పైన తీగతో రాసిన ఆ ఊరి పేరు ఊగేది.

యుద్ధం దానివల్ల ఆగలేదు. 1939లో ఫ్రాంకోయే గెలిచాడు. ఆ ఫౌంటెన్ ఇప్పుడు బార్సిలోనాలో ఉంది. పాదరసం విషం కాబట్టి చుట్టూ అద్దాలు పెట్టారు. లోపల అది ఇంకా పారుతూనే ఉంది.