గుణజ్ఞతయు దోషజ్ఞతయు

అమరకోశమున విద్వాంసునకు చెప్పబడిన పర్యాయపదములలో దోషజ్ఞుడు అనునది యొకటి. గుణమును గుర్తించుటతో పాండిత్యము ముగియదనియు, దోషమును గుర్తించుటయు నందు భాగమేయనియు ఈ పదము మనకు తెలుపుచున్నది. వ్యక్తుల విషయమున ఈ మాటను అంగీకరించుటకు ఎవరికిని కష్టముండదు. దేశముల విషయమునకు వచ్చునప్పటికి మన బుద్ధి తడబడును. ఒక దేశపు కవిత్వమును, చిత్రకళను, గృహమర్యాదలను మెచ్చుకొనువాడు ఆ దేశప్రభుత్వము చేయు అన్యాయమును ఖండించెనా, కృతఘ్నుడని యొకరందురు. ఖండించిన పిదపను మెచ్చుకొనుట మానకున్నచో, కపటియని మఱియొకరందురు. ఈ రెండు నిందలును ఎంతవఱకు న్యాయమైనవో విచారింపవలసియున్నది.

దీనిని ఊహామాత్రముగా చర్చించుటకంటె ఒక నిజమైన యుదాహరణము నాశ్రయించుట మేలు. రవీంద్రనాథ ఠాకూరునకు జపాను దేశముతో కలిగిన సంబంధమున ఈ ప్రశ్న యంతయు ఇమిడియున్నది.

1902లో ఒకకురా కకుజో యను జపాను కళావేత్త కలకత్తాకు వచ్చి ఠాకూరుల కుటుంబముతో స్నేహము చేసెను. మఱుసటి యేడు తైకాన్, షున్సో అను చిత్రకారులిద్దరు వచ్చిరి. తడికుంచెతో రంగును పలుచగా పఱచు వారి పద్ధతిని చూచి అవనీంద్రనాథుడు తన చిత్రణమును మార్చుకొనెను. ఆ వంగచిత్రకళాసంప్రదాయమును ప్రమోదకుమార చటోపాధ్యాయుడు బందరులోని ఆంధ్రజాతీయ కళాశాలకు తెచ్చెను. అడివి బాపిరాజు ఆయనయొద్దనే చిత్రలేఖనము నేర్చెను. కావున జపానునకు మన ఆంధ్రదేశమును ఎంతోకొంత ఋణపడియున్నదని చెప్పవచ్చును.

1916లో రవీంద్రుడు స్వయముగా జపానునకు వెళ్లెను. అక్కడి తేనీటి గోష్ఠి, పూలను అమర్చు విద్య, మూడు పాదములలో ముగియు చిన్నకవితలు, ఆ ప్రజల మితభాషణము ఆయన మనస్సును హరించినవి. 1919లో వెలువడిన 'జపాన్ యాత్రి' యను గ్రంథమున వీనినన్నిటిని మనసార ప్రశంసించెను. కాని ఆ ప్రయాణముననే, జూన్ నెలలో టోక్యో విశ్వవిద్యాలయమునను, జూలైలో కేయో విశ్వవిద్యాలయమునను ఆయన చేసిన ఉపన్యాసములు మఱొక విధముగా నుండెను. జపాను 1910లో కొరియాను తనలో కలుపుకొనెను. 1915లో చీనాముందు ఇరువదియొక్క కోరికల పట్టికను నిలిపి భయపెట్టెను. పాశ్చాత్యులనుండి విజ్ఞానమును గ్రహించుట తప్పుగాదనియు, పరదేశములను మ్రింగు వారి జాతీయదురాశను గ్రహించుట ఆత్మనాశనమనియు రవీంద్రుడు ఆ జపానువారియెదుటనే చెప్పెను. ఆయన టోక్యోలో దిగిన దినమున స్టేషనులో జనసముద్రము ఎదురువచ్చినది. ఉపన్యాసముల పిదప ఆ యుత్సాహము చల్లారినది. పరాజితజాతి కవి యెట్లు మాటలాడునో యట్లే మాటలాడెనని కొందఱు పరిహసించిరి.

ఇక్కడ మొదటి యాక్షేపము వచ్చును. ఇంటికి పిలిచి గౌరవించినవారిని వారి ముంగిటనే దూషించుట మర్యాదయా? ఆతిథ్యమునకు మనదేశమున గల గౌరవము గొప్పది. కావున ఈ యాక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. అయినను ఆతిథ్యము అతిథి నోటికి తాళము వేయుటకొఱకు పుట్టినది గాదు. రవీంద్రుని జీవితముననే దీనికి నిదర్శనమున్నది. 1926లో ఆయన ముస్సోలిని ప్రభుత్వమునకు అతిథిగా ఇటలీకి వెళ్లెను. అక్కడి కళలను చూచి మురిసి పలికిన మాటలను ఆ ప్రభుత్వమువారు తమకు లభించిన యోగ్యతాపత్రమువలె లోకమునకు చాటిరి. పిమ్మట స్విట్జర్లాండులో రొమే రోలాఁ మొదలైనవారివలన నిజస్థితి తెలిసికొని, ఆ సంవత్సరముననే ఆంగ్లపత్రికాముఖమున ఫాసిస్టు పద్ధతిని ఖండింపవలసి వచ్చెను. మనము కళకు వేసిన పూలమాలను పాలకుడు తన మెడలో వేసికొనగలడు. కావున మెచ్చుకొనువాడు దేనిని మెచ్చుచున్నాడో, దేనిని మెచ్చుట లేదో స్పష్టముగా చెప్పవలసిన బాధ్యత మెచ్చుకోలుతోనే పుట్టుచున్నది.

రెండవ యాక్షేపము మఱింత లోతైనది. సంస్కృతియు రాజనీతియు ఒక్క ప్రజలనుండియే కలుగుచున్నవి గదా. ఒకటి అమృతమనియు ఒకటి విషమనియు విడదీయుట సాధ్యమా? సంస్కృతి నిర్దోషియని మనము చెప్పనక్కఱలేదు. జపాను సైనికులు చీనాయుద్ధమున జయము కోరి బుద్ధదేవుని మందిరమున ప్రార్థించిరని విని రవీంద్రుడు 1938లో 'బుద్ధభక్తి' యను తీవ్రమైన కవితను వ్రాసెను. కరుణామూర్తి యెదుటనే హింసకు ఆశీర్వాదమడిగిన ఆ దృశ్యమున సంస్కృతియే రాజనీతికి దాసియైనది. అయినను ఆ ప్రార్థన దోషమని మనకు తెలిపినది ఏది? బుద్ధుని బోధయే. ఒక దేశపు ఉత్తమసంస్కృతి ఆ దేశపాలకుల యాస్తి గాదు. వారి చేతలను కొలుచుటకు తగిన కొలబద్ద యనేక పర్యాయములు అందే దొరకును. కావున దానిని నిజముగా ప్రేమించువాడు ఆ కొలబద్దను పాలకులయెదుట పట్టుకొనుటకు సంకోచింపడు.

ఈ మాటకు అగ్నిపరీక్ష 1938లోనే జరిగినది. యోనే నొగూచి జపానుకవి. 1935లో మనదేశమునకు వచ్చి శాంతినికేతనమున ఆతిథ్యము పొందినవాడు. నాన్‌కింగు నగరమున ఘోరమైన హత్యాకాండ జరిగి యేడాది నిండకమునుపే, ఆయన రవీంద్రునకు జాబు వ్రాసి, ఆసియాఖండమున నూతనలోకమును నిర్మించుటకు ఈ యుద్ధము తప్పనిసరియని సమర్థించెను. రవీంద్రుడు సెప్టెంబరు నెల మొదట ప్రత్యుత్తరమిచ్చెను. కపాలముల గుట్టపై నిలుచు ఆసియా తనకు వలదనెను. మఱియొక జాబు చివర, తాను ప్రేమించు జపాను ప్రజలకు తాను కోరునది విజయము గాదనియు పశ్చాత్తాపమనియు వ్రాసెను. ప్రేమించునట్టి ప్రజలకు పశ్చాత్తాపమును కోరుట శాపము గాదు. తప్పుచేసిన కుమారుని విషయమున తల్లి కోరునదియు ఇదియే. వారి పరాజయమును చూచి సంతోషించువాడు శత్రువు. వారి జయమునకెల్ల చప్పట్లు కొట్టువాడు వంది. వారు తమ మంచితనమును తిరిగి పొందవలెనని కోరువాడే మిత్రుడు.

మూడవ యాక్షేపము మనవైపు వ్రేలు చూపును. పరుల తప్పులను లెక్కించుటకు మీకు అధికారమెక్కడిదని యడుగుదురు. రవీంద్రునకు ఆ యధికారము కలదు. ఆంగ్లసాహిత్యమును ప్రేమించుచునే 1919లో జలియన్‌వాలాబాగు ఘాతుకము తరువాత ఆంగ్లప్రభుత్వమిచ్చిన సర్ బిరుదమును విడిచెను. స్వదేశీయుల యుద్యమములలోని ఉన్మాదమును 'ఘరే బాయిరే' నవలలో విమర్శించెను. కొలబద్ద ఒక్కటే, ఎవరి యింటికి పోయినను దాని పొడవు మారలేదు.

మనమును ఈ పరీక్షకు నిలువవలెను. విదేశీయుడొకడు మన ఉపనిషత్తులను ఆరాధించుచు, మన యస్పృశ్యతను ఖండించినాడనుకొందము. ఆతడు భారతద్వేషియా? ఉపనిషత్తుల పొగడ్తను మాత్రము పత్రికలలో అచ్చువేసికొని, రెండవమాటను దాచిన మనకు ఆతనికంటె దేశభక్తి యెక్కువ యున్నదా? 1950లో మన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించినను, అది మన యూళ్లనుండి పూర్తిగా తొలగలేదని తెలిసినవారే మనలో పెక్కురు. సర్వభూతములందును ఆత్మ యొక్కటేయని చదివి మనలను నిలదీయువాడు మన గ్రంథమును మనకంటె శ్రద్ధగా చదివినవాడు. ఆ నిందను మనము సహింపలేకపోయినచో, ఇతరదేశములను నిందించు హక్కు మనకు లేదు.

ఇది గతకాలపు చర్చ మాత్రమే గాదు. 2022లో రష్యా సైన్యము యుక్రెయినుపై దండెత్తినప్పుడు, మిలానులోని యొక విశ్వవిద్యాలయము దొస్తొయేవ్‌స్కీపై జరుగవలసిన పాఠములను వాయిదావేసి, నలుగురు నవ్వినపిమ్మట ఆ నిర్ణయమును ఉపసంహరించుకొనెను. మాస్కోలో అచ్చయి చౌకగా వచ్చిన తెలుగు అనువాదములద్వారా టాల్‌స్టాయిని, చేహోవును చదివి పెరిగినవారు మన యిండ్లలో ననేకులున్నారు. ఆ పుస్తకములను అటకపైకి ఎక్కింపవలెనా? అక్కఱలేదు. కాని వాని మీది మమకారముచేత దండయాత్రను సమర్థించుటయు తగదు. బాంబులక్రింద ఇల్లు కోల్పోయిన యుక్రెయిను తల్లి రష్యాపాటను వినలేననినచో, ఆమెకు గుణగ్రహణమును బోధించుటకు మనమెవ్వరము? కొరియా గృహిణికి 1910 తరువాత జపాను పూలవిద్య చేదయినచో తప్పు ఆమెది గాదు. నిష్పక్షపాతము దెబ్బ తినని వారికి సులభము. సులభముగా దొరకినదానిని ఇతరులపై ఋణముగా రుద్దరాదు.

కావున గృహస్థులు తమ పిల్లలకు పరదేశపు పుస్తకములను నిస్సంకోచముగా నీయవచ్చును. ఆ దేశము చేసిన యన్యాయములను గూడ ఆ దినముననే, ఆ కంఠముతోనే చెప్పవలెను. వారు తిరిగి మనదేశమునుగూర్చి ప్రశ్నించినచో, కోపింపక ఉత్తరమీయవలెను. గుణమును దోషమును ఒకేచోట చూడనేర్చిన పిల్లలు ఏ దేశమునకును బానిసలు గారు, ఏ దేశమునకును శత్రువులు గారు.