పూటకూళ్లవాని చేతిలోని దేనారములు

ధ్యానభాగము: లూకా 10:30–37



మంచి సమరయుని ఉపమానములో యాజకుని గూర్చియు, లేవీయుని గూర్చియు మనము ఎన్నో ప్రసంగములు వింటిమి. పూటకూళ్లవానిని గూర్చి వినుట అరుదు. సమరయుడు వానికి రెండు దేనారములిచ్చి, గాయపడినవానిని చూచుకొమ్మని చెప్పి వెళ్లిపోయెను. అప్పుడు ఆ దేనారములు ఎవరివి? ఇచ్చినవాడు వాటిని విడిచి పోయెను. పూటకూళ్లవాని చేతిలో ఉన్నవి గాని వాటిని వాడు తన పొలమునకు ఖర్చు చేయరాదు. గాయపడినవాడు వాటిని మూటగట్టుకొని పోవుటకును లేదు. అవి అతడు బాగుపడుట కొరకు ఉన్నవి.

దొరల కాలమున కట్టిన ధర్మాసుపత్రుల స్థలములను గూర్చి నేడు ఈ ప్రశ్నయే మన యెదుట నున్నది. దస్తావేజు ఎవరి పేర నున్నదో వారిదే ఆస్తి అని కొందరందురు. దొరలు సంఘమునకు విడిచిపోయిరి గనుక సంఘము అమ్ముకొనవచ్చునని మరికొందరందురు.

గుంటూరు సంగతి చూడుడి. డాక్టరు అన్నా కుగ్లరు అమ్మగారు 1883లో అమెరికానుండి వచ్చిరి. 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరవబడెను. 1930లో ఆమె గుంటూరులోనే మృతినొందిరి. ఆ పనికి కానుకలిచ్చినది అమెరికాలోని లూథరను స్త్రీలు. వారిలో బహు మంది మన దేశమును కంట చూడనివారే. ఏలూరు జమీందారు గారు, తాము హిందువులై యుండియు, రోగుల బంధువులు దిగుటకు కృతజ్ఞతతో సత్రము కట్టించిరి. వీరెవరును ఒక సంఘమునకు ఆస్తి పెంచవలెనని ఇయ్యలేదు. రోగుల కొరకు ఇచ్చిరి. 1927లో ఆంధ్ర సువిశేష లూథరను సంఘమును, 1947లో దక్షిణ ఇండియా సంఘమును ఏర్పడెను. మిషనుల ఆస్తులు క్రమముగా మనవారి చేతికి వచ్చెను. ఆస్తి చేతులు మారినంత మాత్రమున అది ఇయ్యబడిన పని మారలేదు.

దేశ చట్టమును ఇట్లే చెప్పుచున్నది. ధర్మకార్యమునకై ఇచ్చిన ఆస్తిని పేర పెట్టుకొన్నవాడు ధర్మకర్తయే గాని ఇష్టము వచ్చినట్లు చేయదగిన యజమానుడు కాడు. వాడు మాట తప్పినయెడల, ఆ ధర్మములో సంబంధముగల ఇద్దరైనను కోర్టు అనుమతి పొంది, 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 92వ సెక్షను క్రింద దావా వేయవచ్చును. కోర్టు లెక్కలు అడుగును, ధర్మకర్తను తొలగించును. 1963 నాటి లిమిటేషను చట్టము 10వ సెక్షను ప్రకారము, నిర్ణీతమైన పనికై అప్పగింపబడిన ఆస్తిని ధర్మకర్తనుండి రాబట్టుటకు కాలపరిమితి లేదు. అయితే వెల యిచ్చి కొన్నవానికి ఆ నియమము వర్తింపదు. కావున అమ్మకమైన పిమ్మట ఏడ్చుటకంటె ముందుగా అడుగుట మేలు.

ఉపదేశికి జీతము లేదు, గుడి కప్పు కారుచున్నది, ఖాళీ స్థలము పెట్టుకొని మనమెందుకు పస్తులుండవలెను అని కొందరు అడుగుదురు. ఆ బాధ అబద్ధమని మేము అనము. జీతమందని యింట పొయ్యి వెలుగదని మేమెరుగుదుము. అయినను మన అక్కరను ఎవరి సొమ్ముతో తీర్చుచున్నాము? కమిటీలో రోగికి కుర్చీ లేదు. పది సంవత్సరముల తరువాత పురిటినొప్పులతో బండి దిగవలసిన తల్లికి నేడు వోటు లేదు. నోరులేని వారి సొత్తు తీసికొనుట సులభము. సులభమైనందుననే అది ఘోరము.

ఆసుపత్రి మూతబడినయెడల ఏమి చేయవలెను? ముందు దస్తావేజులో ఏ పని కొరకు అని వ్రాసియున్నదో చదువవలెను. ఆ పని ఇక సాగనియెడల దానికి దగ్గరి పనికి ఆస్తిని వినియోగించుటకు కోర్టు ఏర్పాటు చేయగలదు. మందుల శాల, నర్సుల బడి, దిక్కులేని ముసలివారి వైద్యము దగ్గరి పనులే. కల్యాణమండపము కట్టి అద్దె పంచుకొనుట దగ్గరి పని కాదు.

విశ్వాసులు కోర్టుకెక్కరాదనియు, అన్యాయమును సహింపవలెననియు పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా అని మీరు అడుగవచ్చును. నిజమే. మన సొంత చేను పోయినయెడల సహింతము, క్షమింతము. అది మనది గనుక క్షమించు అధికారము మనకున్నది. రోగి సొత్తును క్షమించి విడిచిపెట్టుటకు అది మనదా? పరుల నష్టమును మనము ఓర్చుకొనుట దీర్ఘశాంతము కాదు, పిరికితనము. మొదట సంఘములోనే ప్రేమతో అడుగుదము, పెద్దల యెదుట చెప్పుదము. వినకపోయినయెడల న్యాయస్థానము తలుపు తట్టుట పాపము కాదు.

యోవాషు రాజు దినములలో మందిరపు పెట్టెలోని సొమ్మును ప్రధానయాజకుడును రాజు లేఖికుడును కూడి లెక్కించిరి, ఒక్కనికే విడువలేదు. మన సంఘములలోను ఆసుపత్రి లెక్కలను ప్రతి సంవత్సరము అందరి యెదుట చదువుడని అడుగుడి. అడుగుట అవిధేయత కాదు.

సమరయుడు తాను మరల వత్తునని చెప్పి వెళ్లెను. దేనారములు ఏమైనవని అతడు అడుగుటకు ముందే, గాయపడినవాడు ఎట్లున్నాడని అడుగును.